రాగి మీద డాక్టరమ్మ ముఖం

మా అపార్ట్‌మెంట్ల వెనక గ్యారేజీలో ఎవరో పాత కుర్చీలకు అవిసె నూనె పట్టిస్తున్నారు. కిటికీ తెరిస్తే చాలు, ఆ వాసన వంటింట్లోకి వచ్చేస్తోంది. దోసెల పిండి కలుపుతున్నదాన్ని చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళాను, లోపలికి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. కుర్చీల మనిషి నన్ను చూసి, వాసన ఇబ్బందిగా ఉందా అని అడిగాడు. లేదన్నాను. ఆ నూనెను బాగా కాచి మసి కలిపితే అచ్చు వేసే సిరా అవుతుంది. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో డాక్టరమ్మగారి గ్యారేజీ నిండా ఆ వాసనే ఉండేది. ఆవిడ పోయి రెండు చలికాలాలు గడిచాయి. అయినా ఆ వాసన తగిలితే పని ఆలస్యమవుతోందని ఎవరో లోపలి నుంచి పిలుస్తున్నట్టే ఉంటుంది. కూర్చోలేను.

ఆవిడ పేరు వసుంధర. హనుమకొండలో పుట్టి, ఇక్కడికొచ్చి ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. రోగులకు మందులు రాసే డాక్టరు కాదు. రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి, అందులో ఏ జబ్బు ఉందో చెప్పే డాక్టరు. భర్త చనిపోయారు. ఒక్కతే కూతురు, నీలిమ, వర్జీనియాలో హెర్న్‌డన్‌లో ఉండేది. మా ఆయన ఇక్కడి తెలుగు హోటల్లో వంటమనిషి. ఆయనతో పాటు వచ్చిన నేను డాక్టరమ్మగారింట్లో వంటకు కుదిరాను. అప్పటికి నాకు నలభై దాటాయి. తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ ఒక్క అక్షరం రాదు. మా ఊళ్ళో ఉన్నప్పుడు ఎవరినో ఒకరిని అడిగి బస్సెక్కేదాన్ని. ఇక్కడ అడుగుదామంటే రోడ్డు మీద మనిషే కనబడడు.

మొదటి రోజు ఆవిడ నన్ను వంటింట్లోకి కాకుండా నేరుగా గ్యారేజీలోకి తీసుకెళ్ళారు. కారు బయట మంచులో ఉంది. లోపల మధ్యలో రెండు ఇనుప రోలర్లు, వాటి పక్కన పెద్ద చక్రం. చెరకు రసం తీసే మిషన్ అనుకున్నాను. గోడల నిండా ఒకే మనిషి ముఖం. జుట్టు రేగిపోయిన పడుచువాడిగా, కళ్ళు పెద్దవి చేసి ఎవరినో బెదిరిస్తున్నట్టుగా, టోపీ పెట్టుకుని, బుగ్గలు జారిన ముసలివాడిగా.

“ఈయన మీ మామగారా అమ్మా?” అని అడిగాను.

“మా మామ గిన్నిసార్లు అద్దం చూసుకుంటే మా అత్త ఊకుంటుండెనా?” అని నవ్వారు. “హాలండాయన. నాలుగు వందల ఏండ్ల కింద ఉన్నడు. అద్దం ముంగట పెట్టుకొని తన మొకం తనే గీసుకున్నడు. పిల్లగాడప్పటి సంది ముసలోడయ్యేదాక.”

“పనేం లేకనా?”

“పనే గది.”

ఆయన పేరు నా నోటికి తిరిగేది కాదు. అందుకని డచ్చాయన అనేదాన్ని. కొన్నాళ్ళకు డాక్టరమ్మగారు కూడా అలాగే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ పేరు రాయగలను గానీ, మా ఇద్దరి మధ్య ఆయన డచ్చాయన గానే తిరిగాడు కాబట్టి ఇక్కడా అలాగే ఉండనిస్తున్నాను.

ఆవిడ కుదురుగా కూర్చుని అన్నం తినడం నేను చూడలేదు. కంచం చేత్తో పట్టుకుని గోడ మీది బొమ్మల ముందు తిరుగుతూ తినేవారు. మధ్యలో కంచం నాకిచ్చి ఏదో బొమ్మకు ముక్కు ఆనించి చూసేవారు. దానికి కారణం ఉంది. ఆవిడ చూపు మధ్యలో మచ్చ పడింది. చుట్టూ ఉన్నది కనబడుతుంది, దేన్ని సూటిగా చూస్తే అది మాత్రం మసకబారుతుంది. జానెడు దూరంలో, దీపం కింద, భూతద్దంతో అయితే ఇంకా పని జరిగేది. ఆ మచ్చ పెరుగుతుందనీ, ఆపడానికి లేదనీ ఆవిడకు నాకన్నా, కంటి డాక్టరుకన్నా ముందే తెలుసు. అందుకే ఒక పని పెట్టుకున్నారు. డచ్చాయన లాగే తన ముఖాన్ని రాగి రేకు మీద గీసి, కళ్ళు పూర్తిగా పోకముందే ఒక్క మంచి అచ్చు తీయాలి. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే సగం పైగా గీసేశారు. నేను వెళ్ళేటప్పటికి అది ఉక్కు సూదితో గీసిన గీతలతో, సిరా మరకలతో బల్ల మీద ఉండేది.

ఒకరోజు పెద్ద పుస్తకమొకటి తెరిచి నా ముందు పెట్టారు. అందులో డచ్చాయన ఎర్ర సుద్దతో గీసిన బొమ్మ ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు చంటిపిల్లకు నడక నేర్పుతున్నారు.

“ఎట్లుంది?”

“బాగుందమ్మా.”

“బాగుంది అంటే నాకేం తెలుస్తది? పెండ్లి భోజనానికి అన్నట్టు అంటున్నవ్. ఏం కనవడ్తుందో చెప్పు.”

జీవితంలో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. ఏం చేశావు, ఏం వండావు అని అడిగారు గానీ ఏం చూశావని అడగలేదు. తడుముకుంటూ మొదలుపెట్టాను. ముసలావిడ నడుము వంగనంటున్నా వంగుతోంది. పడుచామె చెయ్యి చాపి ముందుకు చూపిస్తోంది. పిల్లకు భయంగానే ఉంది, అయినా కాలు వేస్తోంది. ఆడవాళ్ళ ముఖాలు అసలు లేవు, రెండు గీతలే. కానీ ముసలావిడకు నడుంనొప్పి ఉందని తెలుస్తోంది.

డాక్టరమ్మగారు తిరగడం ఆపి నిలబడ్డారు. “ఇంక చెప్పు,” అన్నారు. ఆ రోజు చారు మాడిపోయింది. ఇద్దరం మాడిన చారే పోసుకున్నాం.

ఆ తర్వాత కొద్ది రోజులకు, ఒక శుక్రవారం, దేవుడి దగ్గర పెట్టే రాగి చెంబు తోముతున్నాను. చింతపండూ ఉప్పూ వేసి తోమితే చెంబు తళతళలాడింది. ఆవిడ పడుకుని ఉన్నారు. గ్యారేజీలో ఆ రాగి రేకు నల్లగా, జిడ్డుగా పడి ఉండటం గుర్తొచ్చింది. అంత మంచి రాగి అలా ఉండటం నాకు మొదటి నుంచీ నచ్చేది కాదు. తెచ్చి సింకులో పెట్టి, మిగిలిన చింతపండుతో, స్క్రబ్బర్‌తో గట్టిగా రుద్దాను. కొత్త పైసాలా మెరిసింది. కిటికీ దగ్గర ఎండ తగిలేలా నిలబెట్టి, ఆవిడ లేచి చూస్తారని కాచుకున్నాను.

ఆవిడ లేచి వచ్చారు. చూడకముందే బొటనవేలితో తడిమారు. వేలు ఒకచోట ఆగింది, మళ్ళీ తడిమింది.

“ఏం పెట్టి తోమినవ్?”

“చింతపండమ్మా. కాస్త ఉప్పు.”

రేకు తీసుకుని గ్యారేజీలోకి వెళ్ళారు. వెనకే వెళ్ళాను. రేకుకు సిరా రుద్ది, తుడిచి, తడి కాగితం వేసి చక్రం తిప్పారు. వచ్చిన అచ్చులో ముఖం పొగమంచులో ఉన్నట్టు బూడిదరంగులో ఉంది. అప్పుడు చెప్పారు. సూదితో రాగిని గీస్తే గీత పక్కన సన్నటి గరుకు లేస్తుందట. ఆ గరుకు సిరాను పట్టుకుంటేనే మఖ్మలు లాంటి నలుపు వస్తుందట. గట్టిగా తుడిచినా పోయే ఆ గరుకును నేను తోమి పారేశాను.

“నాకు కండ్లు కనవడ్డప్పుడు గీసిన గీతలవి,” అన్నారు. గొంతు పెంచలేదు. ఆ అచ్చు వేసే ప్రెస్ చుట్టూ తిరిగి వచ్చి, “మళ్ళ ఎట్ల గీయాలె?” అన్నారు, నన్ను కాదు.

సాయంత్రం మా ఆయన కార్లో తీసుకెళ్ళడానికి వస్తే, రేపటి నుంచి రానని చెప్పాను. ఆయన విషయం విని, “రాగిని తోమకపోతే చిలుం పట్టదా? ఇందులో నీ తప్పేముంది?” అన్నాడు. ఆ మాటతో ఇంకా ఏడుపొచ్చింది.

పొద్దున డాక్టరమ్మగారి ఫోన్ వచ్చింది. “ఏడున్నవ్? ట్రైన్ టైమయితుంది. చెప్పులు గాదు, బూట్లేసుకొని రా.”

షికాగోలో మ్యూజియంకి వెళ్ళాం. అక్కడ ముందే చెప్పి ఉంచితే, అచ్చులూ చిత్రాలూ పెట్టెల్లోంచి తీసి బల్ల మీద పెడతారు. అద్దం అడ్డం ఉండదు. పెన్ను లోపలికి తేనివ్వరు, పెన్సిల్ ఒక్కటే. నాకు రెంటితోనూ పని లేదు కాబట్టి ధైర్యంగా కూర్చున్నాను. అక్కడి అమ్మాయి డచ్చాయనవి రెండు పెద్ద అచ్చులు పక్కపక్కన పెట్టింది. కొండ మీద ముగ్గురిని కొయ్యలకు కొట్టి నిలబెట్టారు. ఒకే రేకు నుంచి వచ్చినవే రెండూ అన్నారు డాక్టరమ్మగారు. నేను నమ్మలేదు.

“మొదటి దాంట్లో జనం ఉన్నారమ్మా. ఏడుస్తున్నవాళ్ళు, పారిపోతున్నవాళ్ళు. రెండోదాంట్లో జడివాన కురిసినట్టు పైనుంచి కిందికి నల్ల గీతలు. ఆ జనమంతా ఏమయ్యారు?”

“చెక్కేసిండు. రాగిని గీకి, సాపు చేసి, మళ్ళ గీసిండు.”

“ఎందుకు? బాగానే ఉంది కదా మొదటిది.”

“నీకు బాగుంది. ఆయనకు లేదు.” ఆవిడ తల పక్కకు తిప్పి, కంటి కొసతో ఆ రెండో బొమ్మను చాలాసేపు చూశారు. “కోడి చూసినట్టు చూస్తున్ననా? నవ్వకు. నువ్వు రేకు తోమినవని రాత్రంత తిట్టుకున్న. గని ఈయన తోముడు ముంగట నీదేం లెక్క.”

తిరుగు ట్రైన్‌లో ఆవిడ కుదురుగా లేరు. సీటు మారారు, మళ్ళీ మారారు. చివరికి, “గదే రేకు మీద మళ్ళ మొదలువెడ్త,” అన్నారు. “ఇప్పుడు కనవడేది ఎంతనో అంతే గీస్త. సూది యాడున్నదో నువ్వు చెప్పాలె.”

అలా నా పని మారింది. వంట త్వరగా ముగించి గ్యారేజీలో ఆవిడ పక్కన నిలబడేదాన్ని. ఆవిడ అద్దంలోకి తల పక్కకు తిప్పి చూసి, ఎడమ చేతి వేలితో రేకు మీద చోటు వెతుక్కుని, సూది పెట్టేవారు. చెవి కింద ఉందమ్మా, ఇంకా కిందికి, మెడ ముడత దగ్గర, అని నేను చెప్పేదాన్ని. నా చేతికి సూది ఎప్పుడూ ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

అక్షరాలు కూడా అక్కడే నేర్చుకున్నాను. ఉత్తరాలు చదువుకోవడం ఆవిడకు కష్టమైపోయింది. మందు సీసాల మీద రాత అసలు కనబడేది కాదు. “చూసింది చెప్పుడు వచ్చింది నీకు. ఇగ చదువుడు గంత పెద్ద పనేం గాదు,” అని ఒక పాత రేకు మీద మైనం పూసి నాకిచ్చారు. మైనం మీద సూది జారినట్టు పోతుంది, చేతికి బలం అక్కర్లేదు. పెన్సిల్ పట్టుకుంటే వణికే నా చెయ్యి అక్కడ వణకలేదు. మంగ అని నా పేరు రాశాను. ఆవిడ దాన్ని రాగిని తినే యాసిడ్ నీళ్ళలో ఉంచి, కడిగి, అచ్చు తీస్తే, కాగితం మీద నా పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చింది. అచ్చులో అన్నీ తిరగబడతాయని చెప్పడం ఆవిడ మరిచిపోయారు. ఇంత కష్టపడి నేర్చుకుంటే ఇదా అని నాకు ఉక్రోషం వచ్చింది.

“డచ్చాయన సుత తన పేర్ల ఒక అక్షరం ఉల్ట రాసిండు కొన్నిట్ల,” అన్నారు. “గంత పెద్దాయననే ఎవరేమనలే. నువ్వు ఇంకోటి రాయి.”

ఇంకోటి, ఇంకోటి అంటూనే తెలుగు వచ్చింది. తర్వాత ఇంగ్లీషు, కొంచెం. మందు సీసా మీద రోజుకు రెండుసార్లు అన్న మాటను మొదటిసారి నేనే చదివి చెప్పిన రోజు, ఆవిడ ఏమీ మెచ్చుకోలేదు. మాత్ర వేసుకుని, “భోజనం ముంగటనా తర్వాతనా?” అని అడిగారు. సీసా మళ్ళీ తీసి చదవాల్సి వచ్చింది.

మంచు కరుగుతున్న రోజుల్లో నీలిమ వచ్చింది. వచ్చిన రోజే తల్లి స్వెటర్ చేతికి ఉన్న చిల్లు చూసింది. అంచులు పసుపుపచ్చగా కాలి ఉన్నాయి.

“వాట్ ఈజ్ దిస్ అమ్మా? యాసిడ్ పడిందా?”

“ఎలుక కొట్టింది.”

“ఆంటీ, నువ్వు చెప్పు. అమ్మ ఇంకా యాసిడ్ యూజ్ చేస్తుందా?”

నేను డాక్టరమ్మగారి వైపు చూశాను. ఆవిడ సీలింగ్ చూస్తున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు నేర్పింది ఆవిడే. “వాడుతున్నారు, కానీ నా పేరు రాసిన రేకులకే. ముఖం గీసే రేకుకు యాసిడ్ అక్కర్లేదు, సూదితోనే గీస్తారు. రేపటి నుంచి యాసిడ్ ముట్టుకోనివ్వను,” అన్నాను.

“నా ఉప్పు తిని నా మీదనే చెప్తున్నవా?” అన్నారు డాక్టరమ్మగారు. కోపం లేదు.

“ఉప్పు నేనే వేశానమ్మా.”

నీలిమకు నవ్వు రాలేదు. “అమ్మా, ఐ యామ్ సీరియస్. ఇంట్లో నువ్వు పడిపోతే ఎవరు చూస్తారు? హెర్న్‌డన్ వచ్చేయి. నీకు రూమ్ రెడీ చేశాను. కానీ ప్రెస్ తీసుకెళ్ళడం మాత్రం నాట్ పాసిబుల్.”

“ఈ రేకొక్కటి అయిపోనీ, బిడ్డా. అయితే నేనే వస్త.”

“నువ్వు ఎప్పుడూ అదే చెప్తావ్. వన్ మోర్, వన్ మోర్. ఎప్పుడు ఫినిష్ అవుతుంది?”

“అయినప్పుడు.”

నీలిమ వెళ్ళలేదు. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటూ అక్కడే ఉండిపోయింది. మధ్యమధ్య గ్యారేజీ తలుపు తెరిచి చూసి వెళ్ళేది. ఇంట్లో ముగ్గురమూ మూడు చోట్ల తిరుగుతుండేవాళ్ళం. డాక్టరమ్మగారు గీస్తూ గీస్తూ ఇప్పుడు ముఖం మధ్యకు వచ్చారు. సూది ఆపకుండా కదులుతోంది. నాకు కాళ్ళు నిలవడం లేదు.

“కుడి కంటి మీద గీతలు ఎక్కువయ్యాయమ్మా.”

“కానీ.”

“ముక్కు కనబడడం లేదు. ఇంక ఆపుదామా?”

“ఆపమని నిన్ను అడిగిన్నా? సూది యాడుందో చెప్పు.”

చెప్పాను. ముక్కు మీద. ఇప్పుడు ఎడమ కన్ను మీద. మళ్ళీ కుడి కన్ను మీద. ఆవిడకు కనబడక ఒకే చోట గీస్తున్నారనీ, చేతులారా పాడు చేసుకుంటున్నారనీ నాకు అనిపించింది. ఆ చేతిలోంచి సూది లాక్కోవాలని రెండుసార్లు చెయ్యి చాపాను. ఇది పాడైతే ఇంకో రేకు మొదలుపెట్టేటంత చూపు ఆవిడకు మిగల్లేదు.

ఒక మధ్యాహ్నం సూది కింద పెట్టి, “నీలిమను పిలువు,” అన్నారు.

సిరా రుద్దడం, పలుచటి గుడ్డతో తుడవడం ఆవిడే చేశారు. చివర అరచేత్తో తుడిచారు. చక్రం నేనూ నీలిమా కలిసి తిప్పాం. కాగితం కొస పట్టుకుని మెల్లగా ఎత్తాను. నీలిమ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అమ్మా... మిడిల్ అంతా బ్లాక్ అయిపోయింది. ఫేస్ లేదు.”

“నువ్వాగు. మంగా, నువ్వు చెప్పు.”

నేను కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. అంచు నుంచి మొదలుపెట్టాను. “జుట్టు ఉందమ్మా. ఒక్కొక్క వెంట్రుకా ఉంది. పాపిడి పక్కన తెల్లబడ్డ పాయ ఉంది. చెవి బాగా వచ్చింది, కమ్మ రాయి మెరుస్తోంది. మెడ ముడతలు, జాకెట్టు అంచు, అన్నీ ఉన్నాయి. బుగ్గ దగ్గర నుంచి గీతలు దగ్గరపడ్డాయి. లోపలికి వెళ్ళేకొద్దీ నలుపు. కళ్ళ దగ్గర, ముక్కు దగ్గర ఏమీ లేదు, మఖ్మలు గుడ్డ కప్పినట్టుంది.” కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా తిప్పాను. “ఏమీ లేకపోవడం కాదు. లోపల ముఖం ఉంది. ఆవిడ మనల్ని చూస్తూనే ఉంది. మనకే కనబడడం లేదు.”

డాక్టరమ్మగారు గోడకు ఆనించి ఉన్న అద్దం వైపు తల తిప్పారు. సూటిగా, కోడిలా కాకుండా.

“గంతనే,” అన్నారు. “పొద్దున లేచి అద్దం చూసుకుంటే నాకు గంతనే కనవడ్తది. కరెక్టు వచ్చింది.”

నీలిమ తల్లిని పట్టుకుంది. అంతవరకూ ఆ పిల్లకు తల్లి చూపు ఎలా ఉంటుందో తెలియదని నాకు అప్పుడు అర్థమైంది. డాక్టర్ల రిపోర్టులు అన్నీ చదివింది గానీ, తన ముఖాన్ని కూడా అమ్మ అలాగే చూస్తోందని అనుకోలేదు. “నేనూ ఇలాగే కనిపిస్తానా అమ్మా?” అని అడిగింది. “నీది నాకు యాదికుంది, పిచ్చిదానా,” అన్నారు డాక్టరమ్మగారు. తర్వాత సిరా చేతులు కడుక్కుంటూ, “బట్టలు సర్దుకుందాం పా,” అన్నారు, ఏదో ఊరికి వెళ్ళి రెండు రోజుల్లో వచ్చేవాళ్ళలాగా.

ప్రెస్‌ను ఒక కాలేజీ వాళ్ళు పట్టుకెళ్ళారు. ఆవిడ హెర్న్‌డన్ వెళ్ళాక నాకు వారానికి రెండు మూడుసార్లు ఫోన్ చేసేవారు. బాగున్నావా అని అడిగేవారు కాదు. కిటికీలోంచి ఏం కనవడ్తుంది అనేవారు. మంచు, చెట్టు, చెత్త బండి, పక్కింటివాళ్ళ పిల్లాడు సైకిలు నేర్చుకోవడం, అన్నీ చెప్పేదాన్ని. “సైకిల్ మీద వాని కాళ్ళు అందుతున్నయా?” అని అడిగేవారు. ఫోన్ పట్టుకుని మళ్ళీ కిటికీ దగ్గరికి పరుగెత్తేదాన్ని.

ఒకసారి కిటికీ సంగతులన్నీ విన్నారు. తర్వాత, “మంగా, నువ్వొచ్చినప్పటికే నా కండ్ల నడుమ మచ్చ ఉండె. బల్లకు అవతల ఉన్న మొకం తెలుస్తలేకుండె,” అన్నారు. “నీ మొకం నేనెన్నడు సరిగ చూడలే. జానెడు దగ్గరికొచ్చి చూస్తే నువ్వేమనుకుంటవో అని ఊకున్న. ఇప్పుడు చెప్పు.”

ఫోన్ పట్టుకుని బాత్రూం అద్దం ముందుకు వెళ్ళాను. అన్నేళ్ళలో బొట్టు పెట్టుకోవడానికి, జుట్టు దువ్వుకోవడానికి చూసుకున్నాను గానీ, చెప్పడానికి చూసుకోలేదు. పాపిడితో మొదలుపెట్టాను. నుదురు చిన్నది. ఎడమ బుగ్గ మీద పూరీల నూనె చింది పడిన మచ్చ, నయాపైసా అంత. ముక్కుపుడక వైపు ముక్కు కాస్త వాలింది. పెదాలు నవ్వనప్పుడు కోపంగా ఉన్నట్టుంటాయి.

“కండ్లు?”

“రెండూ ఒక్కసారి చూడలేకపోతున్నానమ్మా. ఒకటి చూస్తే ఇంకోటి జారిపోతోంది.”

ఆవిడ నవ్విన చప్పుడు వినిపించింది. “డచ్చాయనకు సుత గదే బాధ. తొందరేం లేదు. రేపు చెప్పు.”

రేపు కొంత చెప్పాను. ఆ తర్వాత ఇంకొంత. ఒకరోజు దిగులుగా ఉన్నాయన్నాను, ఇంకోరోజు కాదు, అలిసిపోయి ఉన్నాయన్నాను, మొండిగా ఉన్నాయన్నాను. ఆవిడ ఏదీ ఒప్పుకోలేదు, ఏదీ కాదనలేదు. ఆ యేడు చలికాలంలోనే పోయారు. నీలిమ ఫోన్ చేసి చెప్పింది. అమ్మ అడగమంది అని చివర్లో ఒక మాట చేర్చింది. “ఆంటీ, ఫినిష్ అయిందా అని అడగమంది. ఏంటి ఆంటీ అది?”

ఇంకా అవలేదని చెప్పాను. పొద్దున పళ్ళు తోముకుంటూ అద్దంలో చూస్తాను. నా కళ్ళకు నిన్న చెప్పిన మాట ఇవాళ సరిపోదు. చెరిపేసి, మళ్ళీ చెప్పుకుంటాను.